తాగకుండానే పడిపోయిన మొగిలి

ఖాజాగూడలో తీన్మార్ డప్పు మోగిందంటే మొగిలి కాలు నిలవదు. కోకాపేటలో ఓ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ పని ఆయనది. సెల్యూట్లు కొట్టి కొట్టి బిగుసుకుపోయిన ఒంటిని పెళ్లి ఊరేగింపుల్లో వదులు చేసుకునేవాడు. యాభై దాటినా ఆయన ముందు కుర్రాళ్లు దిగదుడుపే. పైగా కల్లు చుక్క కూడా ముట్టడు.

అలాంటి మనిషి మరదలి పెళ్లిలో డాన్సు మధ్యలో కడుపు పట్టుకుని కూలబడ్డాడు. వాంతి చేసుకున్నాడు. మాట తడబడింది.

"బాగనే ఎక్కినట్టుంది బావకు!" అని అందరూ నవ్వారు.

భార్య సాయమ్మ నవ్వలేదు. ఇంటికెళ్లాక నోరు తెరవమని వాసన చూసింది.

"ఏమొస్తుందే?"

"పూరీ వాసన. దాంతోని మందు వాసన కప్పిపెట్టినవ్."

తాగి తిట్లు తింటే ఓ అర్థముంది. తాగకుండా తాగుబోతు పేరు మోయడం మొగిలికి తల కొట్టేసినట్టయింది.

వినాయక నిమజ్జనం నాడు మళ్లీ అదే తంతు. అన్నదానంలో పూరీలు దండిగా లాగించి, చెరువు దారిన లారీ ముందు ఎగురుతూ ఎగురుతూ దబ్బున పడ్డాడు. ఈసారి పిలిచినా పలకలేదు. సాయమ్మ తిట్టడం మరిచిపోయింది. ఆటోలో వేసుకుని దవాఖానకు ఉరికింది.

డాక్టర్ ప్రవీణ బీపీ చూసి, వెంటనే తొడకు సూదిమందు వేసింది. కాసేపటికి మొగిలి కళ్లు తెరిచాడు.

"మేడమ్, నేను తాగలే. మొన్న పెండ్లిల ఎగురంగ గూడ గిట్లనే పడ్డ. మా ఆమెకు జర చెప్పుండ్రి."

"పడే ముందు ఏం తిన్నారు?"

"పూరీ."

"పెళ్లిలో పడ్డప్పుడు?"

"గప్పుడు గూడ పూరీనే."

సాయమ్మ అడ్డొచ్చింది. "ఇంట్ల రోజూ చపాతీ తింటడు మేడమ్. ఎన్నడేం కాలే."

"తిన్నాక ఎగురుతాడా?"

"యాడ ఎగురుడు? గురక పెడ్తడు."

డాక్టరు నవ్వాపుకుంది. "అందుకే ఏం కాలేదేమో. కొందరికి గోధుమ ఒక్కటే తింటే ఏం కాదు, డాన్సు ఒక్కటే చేసినా ఏం కాదు. తిని ఎగిరితేనే ప్రాణం మీదికొస్తుంది. ఇదీ ఎలర్జీనే. దద్దుర్లు లేకపోయేసరికి ఎవరికీ తట్టలేదు."

తర్వాత చేసిన రక్తపరీక్షలోనూ అదే తేలింది. ఎగిరేది ఉన్న పూట గోధుమ ముట్టొద్దు, ఒంటరిగా ఎగరొద్దు, సూదిమందు ఎప్పుడూ దగ్గరుండాలి, వేసినా సరే వెంటనే దవాఖానకు రావాలి అని ప్రవీణ గట్టిగా చెప్పింది. సూది వేయడం సాయమ్మ నేర్చుకుంది. మొగుడు తాగుబోతు కాదని గల్లీ గల్లీ తిరిగి చెప్పిందీ ఆమే.

మొన్న పక్కింటి కుర్రాడు స్వామి పెళ్లి ఊరేగింపుకు మొగిలి అన్నం తిని దిగాడు. సూదిమందు సంచి చంకన పెట్టుకుని సాయమ్మ పక్కనే నిలబడింది, కాపలాకి. డప్పు జోరందుకుంది. కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది. ఇగ ఆగలేక కొంగు బిగించి తనూ దిగింది.

మొగిలి ఎగరడం మాని నోరు తెరిచి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె డాన్సు చూడటం ఆయనకు అదే మొదలు.