సైకిలోళ్ళ పెట్టె

సైకిళ్ళు తొక్కేవాళ్ళంతా కలిసి ఒక పార్టీ పెడితే రోడ్లు బాగుపడతాయా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ముచ్చట మా ఇంట్లోనే తీరింది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూల్లో గుడారాల కింద కచేరీలు నడుస్తున్న రోజులవి. జమ్మలమడుగులో మా నాయనకు సైకిలు షాపు ఉండేది. పంక్చర్లు వేసేవాడు, వంకరపోయిన చక్రాలు సరిచేసేవాడు, గంటల లెక్కన సైకిళ్ళు బాడుగకిచ్చేవాడు. నేను స్కూలు ఫైనలు ప్యాసై ఊళ్ళోనే ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు, ఓటు వేసే వయసు రాలేదు. నోరు మాత్రం అప్పటికే వచ్చింది.

మా ఊరి నుంచి ప్రొద్దుటూరు పోయే దారిని రోడ్డు అనడం మర్యాద కొద్దీ అనడమే. వానలు పడితే నల్లరేగడి బురద మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య కూరుకుని చక్రం తిరగదు. అప్పుడు సైకిలు మనిషిని మోసేది పోయి మనిషే సైకిలును భుజాన వేసుకుని నడవాలి. ఎండాకాలం అంతకన్నా అన్యాయం. బాగుచేయడమంటే కంట్రాక్టరు దారి పొడుగునా కంకర పరిచి వెళ్ళిపోవడమే. రోలరు రాదు. ఎద్దుల బండ్లు నెలల తరబడి దాని మీద తిరిగి తిరిగి తమ చక్రాల ఇనుప పట్టాలతో అణచాలన్నది అతని లెక్క. రోలరుకు బిల్లు పెట్టుకోవచ్చు, బండ్లవాళ్ళకు కూలి ఇవ్వనక్కరలేదు. కంకర తొక్కితే ఎద్దుల గిట్టలు పగులుతాయని బండ్లవాళ్ళు పక్క మట్టిలో తోలుకునేవారు. కాబట్టి ఆ కంకర ఏనాడూ అణగలేదు. మట్టిదారి బండ్లది, నడిమి దారి బస్సులది, ఎటూ కాకుండా మధ్యలో చచ్చేవాడు సైకిలువాడు.

మా అమ్మ తమ్ముడు, నాకు మేనమామ, ప్రొద్దుటూరులో నూలు మోపులు సైకిలుకు కట్టుకుని దారిలో ఉన్న తన ఊరి మగ్గాలకు చేరవేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మే అతన్ని చంకనేసుకుని పెంచింది. ఒకరోజు వెనక నుంచి బస్సు హారను కొడితే దారి ఇద్దామని కంకర మీదికి తిప్పాడు. చక్రం జారింది. నూలు మోపులతో సహా సైకిలు అతని కాలి మీద పడింది. ఊళ్ళో ఎముకలకు కట్టు కట్టే ఆయన తనకు చేతనైనంత చేశాడు గానీ కాలు వంకరగానే అతుక్కుంది. మామ మళ్ళీ సైకిలు ఎక్కలేదు.

ఆ కాలు చూసి వచ్చిన రోజే నాయన పార్టీ మాట ఎత్తాడు. ఓటంటే భయం లేకపోతే కంట్రాక్టరుకు దేవుడన్నా భయముండదు, మనలోంచి ఒకడు నిలబడాల్సిందే అన్నాడు. అమ్మకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"రోడ్డు బాగైతే మన ఇంట్లో పొయ్యి ఎట్ల రాజుకుంటాది? ఆ గులకరాళ్ళ పుణ్యాన గదా నీకు పంక్చర్లు!"

"అయితే ఏమంటావు? నీ తమ్ముని కాలు తిని బతకమంటావా?"

చివరికి అసెంబ్లీ ఎన్నికల్లో నాయనే నిలబడితే, డిపాజిట్టు కట్టడానికి తన చెవి కమ్మలు తీసి ఇచ్చింది కూడా అమ్మే.

మా షాపు ముందు మొదటి మీటింగు జరిగింది. ప్రొద్దుటూరు నుంచి బట్టల మూటలవాళ్ళు, బంగారం అంగళ్ళలో పనిచేసేవాళ్ళు వచ్చారు. అందరికన్నా దూరం నుంచి, అందరికన్నా ఆవేశంగా వచ్చింది పులివెందులవాళ్ళు. చేతులు పగిలేలా చప్పట్లు కొట్టారు. ముందు ఏ రోడ్డు వేయించాలన్న దగ్గర తగువు మొదలైంది. ప్రొద్దుటూరు రోడ్డని ఒకరు, ముద్దనూరు మీదుగా పులివెందుల రోడ్డని ఒకరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా నామినేషనే వేయని పార్టీలో అప్పుడే రెండు ముఠాలు తయారయ్యాయి. సొంత సైకిలువాళ్ళే సభ్యులా, బాడుగ సైకిలువాళ్ళు కూడానా అని ఇంకో రగడ. బాడుగ సైకిలు తొక్కేవాడి ముడ్డికి గుంత తెలియదా అని నాయన గద్దిస్తే అందరూ నవ్వి ఊరుకున్నారు. ఇంతా చేసి, పులివెందులవాళ్ళు తిరుగుదారి పట్టబోతూ చల్లగా చెప్పారు: "మాకు ఓటు ఈడ లేదప్పా. మా మనసు మాత్రం మీతోనే ఉంటాది."

అప్పుడే నాకు గుండెలో రాయి పడింది. బడిలో కూర్చుని ఆలోచిస్తే ఇంకా కనిపించింది. సైకిలు తొక్కేవాళ్ళలో సగం మంది మీసాలు రాని పిల్లలు, వాళ్ళకు ఓటు లేదు. ఓటున్న ఆడవాళ్ళకు సైకిలు లేదు. రెండూ ఉన్న మగవాడు సైకిలు మీద ఉన్నంతసేపే సైకిలువాడు. దిగి స్టాండు వేశాడంటే తన కులపువాడు, తన ఊరివాడు, తన ఊరి పెద్దమనిషికి మనిషి. ఇది నాయనతో అంటే, "నీకు చదువెక్కువైంది పాపా, గుంతలో పడితే అందురి నడుమూ ఒకటే మాదిరి ఇరుగుతాది" అన్నాడు. నడుము సంగతి నిజమే. ఓటు నడుములో ఉండదని ఆయనకు ఎవరు చెప్పాలి?

కంట్రాక్టరు తన మనిషిని ఒకణ్ణి నిలబెట్టాడు. మా నాయనను ఒక్క మాటా తిట్టలేదు. సంతలో రెండు పుకార్లు వదిలాడంతే. మొదటిది, దారిలో తుమ్మముళ్ళు చల్లేది సైకిలు షాపువాడేనని. పన్నెండేళ్ళుగా మా దగ్గర ఉద్దెర మీద పంక్చర్లు వేయించుకున్నవాళ్ళు కూడా ఆ మాట నమ్మి, ట్యూబులోంచి తీసిన ముల్లును నాయన ముందు పెట్టి, "ఇది యాడిదన్నా?" అని నవ్వుతూ అడిగేవారు. ఆ నవ్వులు చూస్తే నాకు చేతిలో ఉన్నది మొహాన కొట్టాలనిపించేది.

రెండోది ఇంకా గట్టిది. అప్పట్లో కాగితం మీద ముద్ర వేసే పద్ధతి కాదు. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద అతని గుర్తు బొమ్మ. మెచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. మా నాయన అడిగి మరీ తెచ్చుకున్న గుర్తు సైకిలు. ఆ రోజుల్లో సైకిలుకు ఏటా పన్ను కట్టి లైసెన్సు బిళ్ళ తగిలించుకోవాలి, సగం మంది కట్టేవారు కాదు. సైకిలు పెట్టెలో కాగితం వేసినవాళ్ళను బయట పన్నుల గుమాస్తా నిలబెట్టి బిళ్ళ చూపించమంటాడని, లేకపోతే పన్ను రాసుకుంటాడని పుకారు. సైకిలు లేనివాళ్ళకేమో అది సైకిలున్నవాళ్ళ పెట్టె, మనం వేస్తే చెల్లదు అని. రెండు వైపులా పదునున్న కత్తి. దాన్ని నమ్మినవాళ్ళను తప్పు పట్టడమెందుకు, మా వీధి ముసలమ్మ ఒకామె మా ఇంటికే వచ్చి, "నాకు తొక్కేది రాదు గదమ్మా, నేను ఆ పెట్టెలో ఎయ్యొచ్చునా?" అని అడిగింది. వేయొచ్చని గంటసేపు చెప్పాను. అంతా విని, "ఏమో తల్లీ, మళ్ళా నన్ను తొక్కమంటే?" అని లేచిపోయింది.

నాయన ఊరూరూ తిరిగాడు. ఒక్క ఊరికి మాత్రం పోలేదు. అది మా మేనమామ ఊరు. పోదామని సైకిలు తీస్తే మామే కబురు పంపాడు, "మా ఊరు నేను చూసుకుంటా, బావను రావద్దను" అని. ఆ ఊళ్ళో ఓట్ల ముందురోజు చావిడి దగ్గర పెద్దమనిషి కూర్చుని ఫలానా పెట్టె అంటాడు, ఊరంతా ఆ పెట్టెలోనే వేస్తుంది. కాదన్నవాడి గడ్డివామి తెల్లారేసరికి బూడిదవుతుంది. అయినా మామ చూసుకుంటానన్నాడు కదా అని అమ్మ ధైర్యంగా ఉంది. "నా తమ్ముడు నోరు తెరిచి ఆ కాలు చూపిస్తే చాలు, ఊరు ఊరే కరుగుతాది" అనేది.

ఓట్లు లెక్కపెట్టే రోజు నాయన ఒక్కడే పోయాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని మజ్జిగ అడిగాడు. ఓడిపోయామని మొహం చూస్తేనే తెలిసింది, అది మేము అనుకున్నదే. గెలిచింది ఇంకెవరో, కంట్రాక్టరు మనిషీ గెలవలేదు. రోడ్డు పని మాత్రం మళ్ళీ కంట్రాక్టరుకే దక్కింది. ఇలాంటి చోట్ల ఓడిపోయేది ఎప్పుడూ ఒక్కడే.

అమ్మ ఒక్కటే అడిగింది. "మా తమ్ముని ఊర్లో ఎట్ల పడినాయి?"

"బాగానే పడినాయి. నీ తమ్ముడు మాట నిలబెట్టుకున్యాడు" అన్నాడు నాయన.

అమ్మ మొహం విప్పారింది. ఊరంతా మోసం చేసినా తన రక్తం చేయలేదని ఇరుగుపొరుగుకు చెప్పుకుని వచ్చింది. ఆ ఊళ్ళో బాగా పడితే మొత్తం అంత తక్కువ ఎలా వచ్చాయని నాకు లెక్క కుదరలేదు. మరునాడు షాపుకు పోయి నిలదీశాను. నాయన తలెత్తకుండా ట్యూబు గీకుతూ చెప్పాడు. ఆ ఊరి సైకిలు పెట్టె తెరిచి బోర్లించారట. టేబులు మీద ఏమీ పడలేదట. లోపల ఏమన్నా అంటుకుందేమోనని గుమాస్తా చేయి పెట్టి తడిమి చూశాడట.

"అంటే మామ కూడా?"

"మీ అమ్మకు చెప్పినావంటే చూడు. ఆయమ్మకు ఉండేది ఒక్క తమ్ముడు."

నెల తిరక్కముందే మామ మా ఇంటికి వచ్చాడు. చేతికర్ర కొత్తది, కొత్త కండువా. అమ్మ సంబరపడి కోడిని కోయించింది. ముద్ద కలుపుకుంటూ మామ మెల్లగా చెప్పాడు, కంట్రాక్టరు తనను రోడ్డు పక్క కంకర కుప్పలకు కావలి పెట్టుకున్నాడని. కూర్చుని చేసే పని అని, కాలుతో పనిలేదని. ఏ కంకర తన కాలు తీసిందో ఆ కంకర ఎవరూ ఎత్తుకుపోకుండా చూసే ఉద్యోగమన్న మాట. నాకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాయన నా వైపు చూసిన చూపుతో ఆగిపోయాను.

అమ్మ మాత్రం చేతులెత్తి దండం పెట్టింది. "చూస్తివా, నువ్వు మీ బావకు ఓటేసినావని తెలిసి గూడా పని ఇచ్చినాడే! ఆయప్పది శానా పెద్ద మనసురా తమ్ముడూ. మేమే ఆయప్పను ఊరికే ఆడిపోసుకుంటిమి."

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. నాయన వైపు చూశాడు. నాయనకు అంతా తెలుసని ఆయన కళ్ళలో అతనికి కనిపించి ఉంటుంది.

"తినప్పా, కూడు సల్లారిపోతాంది" అన్నాడు నాయన. గరిటెతో ఇంకో ముక్క తీసి మామ విస్తట్లో వేశాడు. నేను విస్తరి వదిలేసి పెరట్లోకి పోయాను. మామను ఎంత అసహ్యించుకున్నానో, ఆ క్షణాన మా నాయన మంచితనాన్నీ అంతే అసహ్యించుకున్నాను.

పొద్దువాలే ముందు పోయే బస్సు మామకు తప్పిపోయింది. నాయనే మామను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వాళ్ళ ఊరిదాకా దిగబెట్టి వచ్చాడు. వచ్చి పెరట్లో మొహం కడుక్కున్నాక, దారిలో మామ ఏమన్నా మాట్లాడినాడా అని అడిగాను.

"మాట్లాడినాడు. కంకర వచ్చినప్పుడల్లా, పైలం బావా, జారతాది అన్యాడు."