పున్నమ్మ వేపచెట్టుకి పసుపు పూసిన సంగతి

సత్తెనపల్లికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో పున్నమ్మ ఇల్లెక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఏ పొద్దున వెళ్ళినా సరే, తుమ్ములూ, ఆ తుమ్ముల మధ్య ఆడవాళ్ళ నవ్వులూ ఎటునుంచి వినబడితే అటు నడిస్తే చాలు. వాకిట్లో పెద్ద వేపచెట్టు. దాని కింద గోనెపట్టాలు పరుచుకుని పద్నాలుగు మంది ఆడవాళ్ళు, మధ్యలో పున్నమ్మ. వ్యాపారులు ఎండుమిరప బస్తాలు తెచ్చి అక్కడ దింపిపోతారు. వీళ్ళు కాయకాయకీ తొడిమ తుంచి మళ్ళీ బస్తాలకెత్తుతారు.

పున్నమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు మొరాయించి పొలం పనులు మానుకుని నాలుగేళ్ళయింది. చేతులు మాత్రం బాగా ఆడతాయి, నోరు చేతులకంటే బాగా ఆడుతుంది. ముందురోజు టీవీలో వచ్చిన సీరియల్ని మర్నాడు చెట్టు కింద చెబుతుంది. అందరూ చూసిందే అది. అయినా పున్నమ్మ చెప్పే సీరియల్ దారి వేరు. టీవీలో కోడలు ఏడ్చుకుంటూ లోపలికి పోయిన చోట, పున్నమ్మ కోడలు వెనక్కి తిరిగి అత్తకి నాలుగు పెట్టి మరీ లోపలికి పోతుంది. అది వింటూ వీళ్ళు బస్తాలు ఎప్పుడు ఖాళీ చేశారో వాళ్ళకే తెలియదు. ఇదంతా తన చెట్టు చలవేనని పున్నమ్మ గట్టి నమ్మకం. నీడ ఉంది కాబట్టి మనుషులొస్తున్నారు, మనుషులొస్తున్నారు కాబట్టి తనకి పొద్దుపోతోంది. ఆవిడ లెక్క అంతే.

పోయిన అక్టోబరు చివర్లో తుఫాను వచ్చింది. ఒక పూటంతా గాలి కొట్టి, తెరిపిచ్చాక చూస్తే వేపచెట్టు పంగ దగ్గర నిలువునా చీలి ఉంది. సగం వీధిలో పడింది. మిగతా సగం రేకుల ఇంటి మీదికి వంగి నిలబడింది. ఆ రేకుల కిందే కొడుకు కోటేష్, కోడలు శ్రీరమ్య, ఎనిమిది నెలల మనవడు ఉండేది.

కోటేష్ మర్నాడే దానయ్యని పిలుచుకొచ్చాడు. ఆ చుట్టుపక్కల చెట్లు కొట్టడంలో దానయ్యని మించినవాడు లేడు. ఆయన చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చీలికలో వేలుపెట్టి చూశాడు. మొదలుకి చెవి ఆనించి, గొడ్డలి మడమతో కొట్టి విన్నాడు.

"వేరు బాగానే ఉంది పున్నమ్మక్కా. పైన బరువే ఆగేట్టు లేదు. రెండు నిలువుల ఎత్తున కోసేస్తే మొదలు బతుకుద్ది, మళ్ళీ చిగురేసుద్ది" అన్నాడు.

"నీడ?"

"నీడ కావాలంటే మూడు ఎండాకాలాలు ఆగాలి."

పున్నమ్మ రోడ్డు వైపు చూసింది. రోడ్డు అవతల మిరప వ్యాపారి ఒకాయన కొత్త షెడ్డు వేస్తున్నాడు. ఎనిమిది ఫ్యాన్లు, ఫిల్టరు నీళ్ళు, రెండు పూటలా టీ అని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇక్కడ నీడ పోయాక మండుటెండలో ఎవరు కూర్చుంటారు? అందరూ అటే పోతారు. తను రోడ్డు దాటేసరికే మోకాళ్ళు పట్టేస్తాయి. ఇక గోడకి చేరగిలబడి కూర్చుని, వచ్చేపోయే కుక్కలకి సీరియల్ చెప్పుకోవాల్సిందే. ఆ ఆలోచనకే ఆవిడకి దుఃఖం వచ్చింది.

"కొయ్యడానికి వీల్లేదు. గుంజలు పెట్టి ఆపండి" అంది.

"గుంజలకి ఆగేది కాదమ్మా అది. ఎల్లుండి మిషను తెస్తున్నాడు దానయ్య మామ, కోసేస్తున్నాం. అంతే" అని కోటేష్ ఖరాఖండీగా చెప్పేశాడు.

అలా చెప్పకుండా ఉండాల్సింది. పున్నమ్మతో "అంతే" అన్నవాళ్ళెవరూ బాగుపడలేదు.

అనుకున్న రోజు తెల్లవారుజామున, ఇంట్లో వాళ్ళు లేవకముందే, ఆవిడ చెంబులో పసుపు కలిపింది. చేతికందినంత ఎత్తున చెట్టు మొదలంతా పూసింది. వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. పెట్టెలోంచి కొత్త రవికెల గుడ్డ తీసి చుట్టూ కట్టింది. పైగా కింద ఒక దీపం కూడా వెలిగించి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి పడుకుంది.

ఎనిమిదింటికి దానయ్య మిషనూ మోకులూ తీసుకుని వచ్చాడు. చెట్టును చూశాడు. మిషను కింద పెట్టాడు.

"ఇదెప్పుడు జరిగింది?"

"పోలేరమ్మ తల్లి వెలిసినట్టుంది" అంది పున్నమ్మ, గొంతులో ఎక్కడలేని భక్తి తెచ్చుకుని.

"అమ్మా, ఇది నీ పనేగా" అన్నాడు కోటేష్ పళ్ళు కొరుకుతూ.

దానయ్య తల అడ్డంగా ఊపాడు. "ఎవరి పనైనా కానీ అల్లుడూ. నేను చర్చికి పోయేవాణ్ణి. మీ అమ్మవారి చెట్టు మీద నేను మిషను పెడితే, రేపు ఊళ్ళో ఎవడికి జ్వరమొచ్చినా నావల్లే అంటారు. పసుపు పోయాక కబురు చెయ్యి, వస్తా" అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ పూట పున్నమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది. కానీ ఆవిడ చేసిన తప్పు అప్పుడు తెలియలేదు. పసుపు పూయడం వరకే ఆవిడ చేతిలో ఉంది, తర్వాతిది ఊరి చేతిలో పడింది. మధ్యాహ్నానికి పక్కింటి కోటేశ్వరి కొబ్బరికాయ పట్టుకొచ్చింది. మర్నాటికి పదిమంది వచ్చారు. మూడోరోజుకి పొంగలి కుండలు దిగాయి. బోరులో నీళ్ళు పడాలని ఒకరు, కూతురికి డీఎస్సీలో ఉద్యోగం రావాలని ఒకరు మొక్కుకున్నారు. శ్రీరమ్య మాత్రం ఏమీ అనకుండా పిల్లాణ్ణెత్తుకుని రాత్రిళ్ళు కోటేశ్వరి ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఏమీ అనని కోడల్ని ఏమనాలో పున్నమ్మకి తోచలేదు.

వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం మామూలు గాలికే చెట్టు మీద పెళపెళమని చప్పుడైంది. తొడంత లావు కొమ్మ విరిగి, రేకుని పగలగొట్టుకుని ఇంట్లో పడింది. పున్నమ్మ మోకాళ్ళ సంగతి మరిచిపోయి లోపలికి పరిగెత్తింది. కొమ్మ సరిగ్గా ఊయల మీద పడి ఉంది. పిల్లాడు లేడు. ఆ సమయానికి వాడు ఊయల్లో ఉండాలి. నిద్రపోకుండా పేచీ పెట్టాడని తల్లి వీధిలోకి ఎత్తుకెళ్ళబట్టి బతికిపోయాడు.

పున్నమ్మ వెనక్కి తిరిగి, బకెట్టు నిండా నీళ్ళు తీసుకుని వాకిట్లోకి వచ్చింది. చెట్టు దగ్గర ఆరేడుగురు ఆడవాళ్ళు అగరొత్తులు వెలిగిస్తున్నారు.

"లేవండి. అమ్మవారు లేదు, ఏమీ లేదు. పసుపు పూసింది నేను" అంది.

కోటేశ్వరి నవ్వింది. "నువ్వే పూశావు, పూయించింది ఆ తల్లి."

"ఆ తల్లికి నాతో పనేముంది? నా స్వార్థానికి నేను పూశాను. చెట్టు కొట్టేస్తే మీరంతా షెడ్డుకి పోతారని, నేనొక్కదాన్నే ఇంట్లో పడుంటానని భయమేసి పూశాను. ఆ భయానికి నా మనవణ్ణి చంపుకోబోయాను. తల్లి మీద అబద్ధం ఆడాను. లెంపలేసుకుంటున్నా, మీరూ క్షమించండి." చెప్పినట్టే టపటపా లెంపలేసుకుంది. కళ్ళ వెంబడి నీళ్ళు కారిపోతున్నాయి.

బోరు మొక్కు మొక్కుకున్నావిడ, "మరి నా కొబ్బరికాయ సంగతేంటే?" అని అడిగింది.

"గుళ్ళో ఇంకోటి కొట్టుకో. ఆ కాయ నేనే ఇస్తాలే" అని, పున్నమ్మ తన చేత్తోనే పసుపంతా కడిగింది. కబురందుకుని గంటలో దానయ్య వచ్చాడు. మోకులు కట్టి, కొమ్మకొమ్మనీ నెమ్మదిగా దింపి, చీకటి పడేలోగా చెట్టుని రెండు నిలువుల మోడు చేసి వెళ్ళాడు. వాకిట్లో ఒక్కసారిగా ఆకాశం కనబడింది. శ్రీరమ్య ఆ రాత్రి ఇంట్లోనే పడుకుంది.

షెడ్డుకి పోతారన్న మాటకి మాత్రం ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు. అడగడానికి పున్నమ్మకి మొహం చెల్లలేదు. మూడు నెలలు లోలోపల నలిగింది. సంక్రాంతి దాటింది, కాయలు ఎండాయి, షెడ్డుకి మామిడాకులు కట్టారు. తొడిమల పని మొదలయ్యే రోజు పొద్దున్నే ఆవిడ అలవాటుకొద్దీ వాకిట్లో పట్టాలు పరిచింది. పరిచాక, ఎండ నేరుగా వాటి మీద పడటం చూసి, ఎందుకొచ్చిన పని అనుకుంటూ లోపలికెళ్ళి తలుపు చేరవేసింది.

కాసేపటికి వాకిట్లో చప్పుడైంది. తలుపు తీసి చూస్తే, మిరప బస్తాలు దింపించుకుని పద్నాలుగు మందీ ఉన్నారు. కొందరు తలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు, ఇద్దరు గొడుగులు తెచ్చుకున్నారు. అందరికంటే పెద్దదైన రసూల్‌బీ తన పాత చీరలు నాలుగు కలిపి పరదాలా కుట్టి తెచ్చింది. దాని ఒక కొస మోడుకీ ఇంకో కొస ఇంటి గుంజకీ కోటేష్ చేత కట్టిస్తోంది.

"పిచ్చిగానీ పట్టిందా మీకు? ఎండకి మాడిపోతారు. అక్కడ ఫ్యాన్లున్నాయి, పోండి" అంది పున్నమ్మ.

రసూల్‌బీ వెనక్కి తిరిగి చూసి కసిరింది. "నీడ కోసం వచ్చేవాళ్ళమైతే మా ఇళ్ళల్లో లేదటే నీడ? మాట్లాడకుండా వచ్చి కూర్చో."

పున్నమ్మ మాట్లాడకుండానే వచ్చి కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి. తలొంచుకుని పట్టా అంచులు సర్దుతూ ఉంది. కళ్ళు తుడుచుకుంటుంటే ఎవరో ఏమైందని అడిగారు. మిరప ఘాటని చెప్పింది. బస్తాలింకా విప్పనే లేదని ఎవరూ ఆవిడతో అనలేదు.