పక్కింటివాళ్ల ఇప్పచెట్టు

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా ఊరు తెల్లవారకముందే అడవిలో ఉంటుంది. ములకలపల్లి దాటాక మాది అడవి అంచు పల్లె. ఇక్కడ ప్రతి ఇప్పచెట్టూ ఏదో ఒక ఇంటిది. కంచె ఉండదు, గుర్తు ఉండదు. అయినా ఒకరి చెట్టు కింద ఇంకొకరు ఏరరు. ఏరుతుంటే చూసి ఊరుకుంటే, రెండు మూడు వేసవులకు ఆ చెట్టు ఏరినవాళ్లదైపోతుంది.

నిరుడు మా అమ్మ పక్కింటివాళ్ల చెట్టు కింద ఏరడం మొదలుపెట్టింది. అది ఒకప్పుడు ఆమె పుట్టింటిదే. మా మేనమామ దాన్ని వాళ్లకు ఇచ్చేసి చాలా కాలమైంది. ఇచ్చిన సంగతి అమ్మకు గుర్తులేదు, చెట్టు గుర్తుంది. ఖమ్మంలో డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు. తగ్గేది కాదు, ఒంటరిగా వదలొద్దన్నాడు. ఇంట్లో మేమిద్దరమే. నాకు కునుకు పడితే చాలు, ఆమె గంపతో వెళ్లిపోయేది.

పక్కింటావిడ ఊరి పెద్దమనిషికి చెప్పింది. పంచాయితీ కూర్చుంది. నేను చాలా ఏళ్లు దినపత్రికకు వార్తలు రాసినవాణ్ని. ఇలాంటి చోట ఓ పక్కన కూర్చుని ఇద్దరి మాటా రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఆ ఇద్దరిలో నేనొకణ్ని. చెట్టు మీద మాకు హక్కు లేదని అందరి ముందూ చెప్పాను. జబ్బు గురించి చెప్పాను. అమ్మ కనిపిస్తే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురమ్మని బతిమాలాను. లేకపోతే గదిలో పెట్టి గొళ్లెం వేయాలి. వేస్తే తలుపు కొట్టి కొట్టి చేతులు పగలగొట్టుకుంటుంది. అది ఒకసారి చూశాను.

పెద్దమనిషి మెత్తబడ్డట్టే కనిపించాడు. అంతలో నా వెనక కూర్చున్న అమ్మ లేచి కొంగు సర్దుకుంది.

“ఆ చెట్టు మాది. మా తాత కాలం నుంచి మేమే ఏరుతున్నం. నా కొడుకు భయపడి గట్ల చెప్తున్నడు.”

“మతి లేదంటివి గద తమ్మీ,” అన్నాడు పెద్దమనిషి. “మా ఇంటామెకంటే సాఫ్‌గ మాట్లాడుతాంది.”

అందరూ నవ్వారు. ముందురోజు అమ్మ నన్నెవరో అనుకుని ఇంట్లోంచి పొమ్మన్న సంగతి చెప్పబోయాను. ఆమె ఎదుట నోరు రాలేదు. పువ్వు అయిపోయేదాకా అమ్మ ఒక్కతే గడప దాటొద్దని తేల్చారు.

మర్నాడు తెల్లవారుజామున గొళ్లెం వేసి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. లోపల్నుంచి అమ్మ కొట్టే ప్రతి దెబ్బా వీపుకు తగులుతోంది.

“ఎవరయ్యా నువ్వు? తలుపు తియ్. పువ్వంత పాడైతది.”

పక్కింటావిడ ఖాళీ గంపతో వచ్చి నిలబడింది.

“తియ్ అన్నా. ఊరంత వినబడ్తాంది.”

“పంచాయితీ వద్దన్నది గద చెల్లె.”

“ఒక్కతే పోవద్దన్నరు. నాతోని వస్తది, నా గంపల పోస్తది. కూలికొచ్చినోళ్లకు చెట్టు మీద హక్కేంది? పెద్దమనిషికి నేను చెప్పుకుంట.” నేను లేచి గొళ్లెం తీశాను. ఆమె లోపలికి తొంగి చూసింది. “జల్దీ దా పెద్దమ్మా, ఎలుగుబంటొచ్చి తినిపోతది.”

“నీ గంప చిన్నది,” అని గొణుక్కుంటూ అమ్మ ఆమె వెంట నడిచింది.

పువ్వు రాలినన్నాళ్లూ అలాగే జరిగింది. ఆ కాసేపే నాకు నిద్ర. చివరికొకరోజు పక్కింటావిడ గంప అడుగు కూడా నిండకుండా అమ్మతో తిరిగొచ్చింది.

“పువ్వు అయిపోయిందన్నా. రేపటి సంది నేను బీడీల తునికాకు కొయ్య పోవాలె. పెద్దమ్మను ఎట్ల జేస్తవ్?”

“తెల్వదు చెల్లె,” అన్నాను.

అమ్మ అప్పటికే రేపటికి గంప కోసం ఇల్లంతా వెతుకుతోంది.