నోటుపుస్తకంలో లేని పన్నెండు చుక్కలు

ఒక థీసిస్‌లో ఉండవలసిన వాక్యం ఒకటి అందులో లేదు. అది ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉంది. చిన్న వాక్యమే. మోయడానికి మాత్రం చిన్నది కాదు.

దీన్ని రాసి ఉంచక తప్పదు. ఆ థీసిస్ ఇప్పటికీ ఏదో అలమారలో ఉంటుంది. దాన్ని నమ్మి ఇంకెవరైనా ఆకులు నూరి, ఫలితం రాక, తమ చేతుల్నే అనుమానించుకుంటూ ఉండవచ్చు. ఒకమ్మాయి అలాగే అనుమానించుకుంది.

తెలుగులో రాస్తున్నాను. మాది తమిళం నడిచే ఊరు. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ నా భార్యకూ పిల్లలకూ చదవడం తమిళంలోనే వచ్చు. ఈ అక్షరాలు నేను పెద్దయ్యాక ఒర్లియంపేటలో ఒక మామ దగ్గర నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరూ చదవలేని లిపిలో రాయడం ఒప్పుకోవడమా, దాచడంలో ఇంకో పద్ధతా? తెలియదు. మీరు చదువుతున్నారు కాబట్టి మీకు చెబుతున్నాను.

సునామీ వచ్చి వెళ్లిన మరుసటి ఏడు, కాలాపేట దారిలో ఒక కాలేజీలో ల్యాబు అటెండరుగా ఉండేవాణ్ణి. గాజు సామాను కడగడం, స్టవ్ చూసుకోవడం నా పని. చదివింది పదో తరగతి. కానీ శనివారాలు లైబ్రరీలో గడిపేవాణ్ణి. ఇంగ్లీషు రసాయన పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆ గర్వం ఉండేది. ఇప్పుడూ ఉంది, అదే సిగ్గు.

ఎస్. వసంత మూలకుళం పిల్ల. మాలాగే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పరిశోధన చేయడానికి మా ల్యాబుకు వచ్చింది. రెండు రకాల ఇనుప లవణాలు నీళ్లలో కరిగించి అమ్మోనియా పోస్తే నల్లటి పొడి దిగుతుంది. కంటికి ఆనని అయస్కాంతపు రేణువులు అవి. వాటిని నువ్వుల నూనెలో కలిపితే అడుగుకు దిగకుండా నిలవాలి. సీసా పక్కన అయస్కాంతం పెడితే నూనె మొత్తం అటువైపు ఎగబాకాలి. ఎప్పటికైనా అలాంటి నూనెతో శరీరంలో మందును కావలసిన చోటికి తీసుకుపోవచ్చని ఆమె ఆశ. రేణువులకు పూత పెట్టడానికి మామూలుగా వాడే రసాయనాలు వద్దు, మందుమొక్క రసమే ఆ పని చేయాలి అన్నది ఆమె పట్టు.

ఏ మొక్క? నేల ఉసిరి అన్నాను నేనే. కామెర్లకు మా అవ్వ నూరి ఇచ్చేది. లైబ్రరీలో దాని గురించి చదివాను కూడా. వసంత వెంటనే ఒప్పుకుంది. ఒక చదువుకున్న మనిషి నా మాట నోటుపుస్తకంలో రాసుకోవడం అదే మొదటిసారి.

నిలవలేదు. ఆరుసార్లు చేసినా పొడి అడుగుకే దిగింది. ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరు సీసా ఎత్తి చూసి నావైపు తిరిగి, "ఏమప్పా లైబ్రరీ, నీ ఆకు మిరియాల రసంలో వేసుకోడానికి బాగుంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. వసంత నవ్వలేదు. ఇంకొక్కసారి చేస్తానంది.

ఆ ఏడోసారి ఆమె భోజనానికి వెళ్లింది. స్టవ్ నాకు అప్పగించింది. అలమారలో ఓలియిక్ ఆమ్లం సీసా ఉంది. రేణువులు నూనెలో నిలవడానికి అందరూ వాడే పూత అదేనని నేను చదివాను. ఆలివ్ నూనెలోనూ ఉండేదే కదా, విషమేం కాదు కదా అని నాకు నేనే చెప్పుకుంటూ పన్నెండు చుక్కలు వేసి కలిపాను.

అది నిలిచింది. అయస్కాంతం పెడితే నల్లటి నూనె ముళ్లు ముళ్లుగా లేచింది. వసంత నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆమె కోసం చేశానని చాలాకాలం అనుకున్నాను. అబద్ధం. నా ఆకు గెలవాలని చేశాను. తర్వాత ప్రతిసారీ చేయవలసి వచ్చింది, ప్రతిసారీ ఆమెను ఏదో ఒక పని మీద బయటికి పంపాను, నా చెయ్యి లేకుండా ఇది జరగదన్న ఆలోచన నాకు లోలోపల తియ్యగా ఉండేది. పరీక్షల్లో బయటపడలేదా అంటే, పడింది. చార్టులో ఆ ఆమ్లం గీతలు లేచాయి. అవి ఆకులోని కొవ్వువని అందరూ అనుకున్నారు. నేను పక్కనే నిలబడి గాజు గొట్టాలు తుడుస్తున్నాను.

వసంతకు డాక్టరేటు వచ్చింది. వేరే ఊళ్లో పెద్ద ల్యాబులో చేరింది. మూడు నెలలకు ఫోను చేసింది.

"అన్నా, ఈడ ఒక్కతూరి కూడా నిలవలేదన్నా. యాడ తప్పు పోతా ఉండానో తెలీలే."

"నువ్వు రాసినట్టే చేసినావా?"

"అట్లే చేసిండాను. ఈడోళ్లు నన్ను దొంగ మాదిరి చూస్తా ఉండారు. ఆ పొద్దు నువ్వు ఇంకేమన్నా కలిపినావా? చెప్పన్నా, తిట్టను."

తిట్టను అంది. ఒప్పుకోవడానికి నాకు తలుపు తెరిచి పెట్టింది. నేను ఏమన్నానో తెలుసా?

"లేదుమా. నువ్వు చెప్పిందే చేసినా. ఆకు ఆడ నేలది కదా, అందుకే. మన ఆకు పంపిస్తా."

పంపాను. మూలకుళంలో ఏరి, నీడలో ఎండబెట్టి, గుడ్డసంచిలో కుట్టి, రెండుసార్లు పోస్టులో పంపాను. పనికిరాదని తెలిసీ ఆకులు శుభ్రంగా ఏరాను. చుక్కలకంటే ఆ సంచులే నన్ను ఎక్కువ బాధిస్తాయి. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ పొడి అడుగుకే దిగింది. ఫలితాలు కల్పించిందన్న మాట పడి ఆ ల్యాబు వదిలింది. ఇప్పుడు ఏదో బడిలో లెక్కలు చెబుతోందని విన్నాను.

ఆ రోజుల్లో ల్యాబులో ఆకు రసం మరుగుతున్నంతసేపు ఖాళీగా కూర్చోలేక, నేను ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పాను. నాకు తెలిసినవాళ్లలో, నేర్పిన మామ కాక, ఇది చదవగలిగింది ఆమె ఒక్కతే. ఎందుకు ఈ లిపిలో రాశానో ఇక్కడిదాకా వచ్చాక అర్థమైంది. క్షమించమని అడగను. లేని వాక్యం ఇది: అమ్మోనియా పోశాక, వేడి తగ్గకముందే, ఓలియిక్ ఆమ్లం పన్నెండు చుక్కలు. రాశాను.

నాకు అక్షరాలు దిద్దించిన రంగనాయకులు మామకు, పదో తరగతివాడికి పుస్తకాలిచ్చిన లైబ్రరీ మేరీ అక్కకు, చేదు తగ్గకుండా ఆకు నూరిన మా అవ్వ మునెమ్మకు కృతజ్ఞతలు. తన థీసిస్ మొదటి పేజీలో, 'నమ్మకంగా పని చేసినందుకు' అని నా పేరు ఇనిషియల్‌తో సహా అచ్చువేయించిన ఎస్. వసంతకు కృతజ్ఞతలు.