చెంగల్రాయన్ ఊదని గట్టిమేళం

నెల్లితోపులో చెంగల్రాయన్ నాదస్వరం మోగని పెళ్లిపందిరి అరుదు. తరాల కిందట ఈ తమిళ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. వాయిద్యమే వారి జీవనం. చెల్లెలు కనకానికి కూతురు నివేదిత పుట్టిన నాడే ఆయన మాట ఇచ్చాడు: దాని మెడలో తాళి పడే క్షణాన గట్టిమేళం తానే ఊదుతానని.

ఆయనకు నిద్రలో పళ్లు కొరికే అలవాటుంది. పెళ్లి దగ్గరపడేసరికి దవడ కండరాలు బిగిసి, నోరు తెరవడమే కష్టమైంది. లాస్‌పేటలో ఫిజియోథెరపీ చేసే యానాం అమ్మాయి నాగశ్రీ, చెంపలకు ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పెట్టింది. చీమలు పాకినట్టు అనిపించి, కాసేపటికి బిగువు సడలింది.

"ఏంది పాపా, నొప్పి యాడికి పోయిందో తెలీలా!"

"నొప్పి తగ్గిందంతేనండి, జబ్బు పోలేదు. పళ్ల డాక్టరుగారు పళ్లకు తొడుక్కోమని ఇచ్చిన ప్లేటు పెట్టుకునే పడుకోండి. కొన్నాళ్లు ఊదకండి బాబాయ్ గారూ."

"నేను ఊదకుంటే పెళ్లి ఎట్ల జరుగును? రికార్డు పెట్టమంటావా?"

ఆమె నవ్వలేదు. ఆయన ప్లేటు ఒకసారి పెట్టుకుని, నోట్లో గులకరాయిలా ఉందని డబ్బాలో పడేశాడు. నొప్పి వచ్చినప్పుడల్లా కరెంటు పెట్టించుకుని, ఇంటికి వెళ్లి సాధన చేశాడు. చికిత్స తాను చేయగలిగినంత చేసింది. నొప్పి లేకపోవడాన్నే నయం కావడమని ఆయన తీర్పు చెప్పుకున్నాడు.

ముహూర్తం వచ్చింది. పురోహితుడు చేయి ఊపగానే చెంగల్రాయన్ దవడ కొయ్యబారింది. నాదస్వరం పెదవుల నుంచి జారింది. ఒక్క స్వరమూ పలకలేదు. పక్కనున్న తవిల్ డోలు పందిరి దద్దరిల్లేలా మోగింది. అక్షింతల సందడిలో ఆ లోటు ఎవరికీ వినిపించలేదు.

ఆ తర్వాత ఆయన ప్లేటు లేకుండా పడుకోలేదు, నాగశ్రీ ఊదమనేదాకా వాయిద్యం ముట్టలేదు. దవడ కోలుకుంది. పెళ్లి వీడియో వచ్చిందని కనకం పిలిస్తే నాదస్వరం వెంట తీసుకునే వెళ్లాడు. వీడియోలో తాళి కట్టే ఘట్టానికి ఎవరో ఊదిన రికార్డు గట్టిమేళాన్ని వీడియోవాళ్లు జోడించారు.

"సూడన్నా, ఎంత బాగ ఊదినావు!" కనకం కళ్లు తుడుచుకుంది.

"అది నాది కాదు కనకం. ఆ పొద్దు నాకు దవడ పట్టుకునింది."

"పో అన్నా! నీది కాకుంటే ఎవురిదంట?"

ఆయన గుడ్డలోంచి నాదస్వరం తీశాడు. "ఇప్పుడు ఊదేదా? నివేదితను పిలువు."

"ఇప్పుడేంటికన్నా? ఇందులో ఉండాది గదా," అని కనకం ఆ ఘట్టాన్నే మళ్లీ పెట్టింది.