అర్థాలు చెప్పకముందే బడి మూసేశారు

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నేను లాఠీదెబ్బలు తిన్నానని మా మనవలకు చాలాసార్లు చెప్పాను. నిజానికి తిన్నది జఫర్‌గఢ్‌లో మా మేనత్త చేసిన సర్వపిండి. జనగామలో మా బడి మూతపడగానే నాయిన నన్ను బస్సెక్కించి అక్కడికి పంపేశాడు. పొలిమేరలో నిలబడి గట్టిగానే జై కొట్టాను. బర్రెలు విన్నాయి. వాటిలో ఒకటి తల తిప్పి చూసింది కూడా.

ఆ ఉద్యమం నాకేం చేసిందంటే, నా ఇంగ్లీషును సగంలో ఆపింది. మా ఇంగ్లీషు సారుది ఒక పద్ధతి. వ్యతిరేక పదాలను జంటలుగా బోర్డు మీద రాసి, నోటికి వచ్చేదాకా మాచేత అరిపించేవాడు. అర్థాలు మాత్రం తర్వాత. "ముందుగాల ఎడ్లను కాడికి కట్టుండ్రి. దున్నుడు సోమవారం" అనేవాడు. ఏన్షియెంట్-మోడర్న్, హంబుల్-ప్రౌడ్, జెనరస్-స్టింజీ... అన్నింటినీ కాడికి కట్టేశాం. సోమవారానికి బడి లేదు. మళ్లీ తెరిచేసరికి ఆ సారు బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయన మాకు అర్థాలన్నీ వచ్చనుకున్నాడు. పెద్దమనిషి నమ్మకాన్ని చెడగొట్టడమెందుకని మేమూ ఊరుకున్నాం.

అలా ఏ మాటకు ఏది ఎదురో నాకు తడుముకోకుండా వచ్చు. ఆ రెండింట్లో ఏది మంచి, ఏది చెడు అని మాత్రం అడగకూడదు.

ఈ సరుకుతోనే జనగామంతటికీ ఇంగ్లీషు పండితుణ్ణయ్యాను. జనగామంతా అంటే మా వాడ. మా వాడ అంటే, సరే, మా అరుగు.

డెబ్బైల చివర్లో మహబూబాబాద్ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రికి బట్టల దుకాణం. అల్లుడికి ఇంగ్లీషు రావాలనేది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు. నాకేమో ఆ పిల్ల కావాలి. అంతకుముందు నెల్లికుదురులో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఆమెను చూశాను. పిల్లల బంతికి కూర వడ్డించకుండా పెద్దల బంతికి పోతున్న వాళ్లను ఆపి, "పోరగాండ్లు మనుషులు కాదా?" అని నిలదీసింది. అప్పటినుంచి నా బుర్ర నా దగ్గర లేదు.

పెళ్లిచూపుల నాడు పిల్ల మేనమామ నా ఎదురుగా కూర్చున్నాడు. రైల్వేలో గుమాస్తా, ఇంగ్లీషు వచ్చినవాడు.

"ఏన్షియెంట్‌కు ఎదురు?"

"మోడర్న్."

"హంబుల్?"

"ప్రౌడ్!"

నేను దంచుతుంటే పిల్ల నాయినమ్మ మా నాయిన వైపు తిరిగి, "ఏందయ్యా, మావోడు ఏదంటే మీవోడు గదానికి ఎదురే అంటుండట. రేపు మా పిల్ల బువ్వ తినుమంటే వద్దంటడా?" అని అడిగింది.

మేనమామ నవ్వి, "జంటలు మంచిగనే అప్పజెప్పినవ్. ఇగ సొంతంగ ఒక్క ముక్క జెప్పు. మా బావ ఎసొంటోడు?" అన్నాడు.

కాబోయే మామను ఆకాశానికెత్తే అవకాశం! జెనరస్-స్టింజీ గుర్తొచ్చాయి. ఆ జంట చేతితో ఇవ్వడానికి సంబంధించిందని తెలుసు. ఇచ్చేదెవరో, ఇవ్వనిదెవరో ఆ సోమవారం చెప్పాల్సింది. స్టింజీలో ఏదో దర్జా వినిపించింది. చేతులు జోడించి, "సర్, యూ ఆర్ వెరీ స్టింజీ మ్యాన్" అన్నాను.

పిల్ల తండ్రి మురిసిపోయి బావమరిది వైపు చూశాడు. "ఏమన్నడు?"

"నిన్ను పిసినారి అన్నడు, బావా."

మా నాయిన చెప్పులెక్కడున్నాయో వెతకసాగాడు. అంతలో నాయినమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఉన్నమాటే గద కొడుకా! నీ మొగం మీద అనెటోడు ఇన్నేండ్లకు దొరికిండు. గీ పిలగాన్ని ఇడ్వకు."

నా ఛాతీ దానంతటదే ముందుకొచ్చింది. ఎనభైల్లో భూపాలపల్లిలో ఉద్యోగం చేసినప్పుడు తోటివాళ్లకు ఈ కథను ఇక్కడిదాకే చెప్పేవాణ్ణి. ముఖం మీదే అన్నానని. మిగతాది మీకే చెబుతున్నాను.

తలుపు వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "బాపూ, తెల్సి అన్నడో తెల్వక అన్నడో అడుగు. తెల్సి అంటే మనింటికొచ్చి నిన్ను తిట్టినట్టు. గసొంటోడు నాకొద్దు."

తెలిసి అన్నానంటే పిల్ల దక్కదు. తెలియక అన్నానంటే ఇంగ్లీషు రాదని తండ్రి ఇవ్వడు. అబద్ధం చెబుదామంటే ఏ వైపుకు చెప్పాలో తోచలేదు. గత్యంతరం లేకనే నా నోట నిజం వచ్చింది.

"తెల్వకనే అన్న. జంటలే వచ్చు. అర్థాలు జెప్పకముందే బడి మూసిండ్రు."

"అంటే ఇంగ్లీషు రాదన్నట్టే," అన్నాడు మేనమామ.

తండ్రి నన్ను ఎగాదిగా చూశాడు. లోపలినుంచి మళ్లీ ఆ గొంతే.

"మా బడి గూడ గప్పుడే మూసిండ్రు బాపూ. నాకు గా జంటలు గూడ రావు."

ఆయన గడ్డం గోక్కుని మా నాయినతో అన్నాడు: "అయితే లగ్గమైనంక ఇద్దరికి కలిపి ఒక సారును పెడుదాం, బావగారూ. గా సారు జీతం మాత్రం మీవోడే ఇచ్చుకోవాలె."