సజా, సజ్జలు

పిల్లల మనసు గురించి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేను. టీచరుగా పనిచేసినన్నాళ్ళూ శిక్షణ తరగతుల్లో నాది ఇదే వరస. నీళ్ళు తాగాలని లేస్తాను, కిటికీ దగ్గర కాసేపు నిలబడతాను, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేసేదాన్ని గాని సంగతి చెప్పేదాన్ని కాదు. ఈ వయసులో ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

నిజాం పాలన చివరి సంవత్సరాలవి. పాలమూరు జిల్లాలో, షాద్‌నగర్‌కు ఇవతల ఒక చిన్న బస్తీ. ఆడపిల్లల బడిలో నేను నాలుగో జమాత్. బడిలో అడుగు పెట్టాక నోట ఉర్దూ తప్ప మరో మాట రాకూడదు. తెలుగు మాట్లాడినవాళ్ళ పేర్లు పలక మీద రాసుకుని, మర్నాడు పొద్దున లేచి నిలబడి చదవడం మానిటరు పని. ఆ మానిటర్ని నేనే. మా నాయిన అదాలత్‌లో, అంటే కోర్టులో, జవాను. ఇంట్లో వినీ వినీ నాకు ఉర్దూ గడగడా వచ్చేది, దాంతోపాటు కావలసినంత పొగరూ ఉండేది. నేను పేరు చదివితే చాలు, మా ఉస్తానీ, అదే మా టీచరమ్మ, ఆ పిల్లను పిలిచి అరచేతుల మీద ఛడీతో, బెత్తంతో కొట్టేది.

నా పలక మీద అందరికన్నా ఎక్కువసార్లు పడ్డ పేరు నా పక్కన కూర్చునే పిల్లది. వాళ్ళ అమ్మానాయినలు కూలి చేసుకునేవాళ్ళు, కొత్తగా చర్చికి పోతున్నారు. పాస్టరు పట్టుబట్టాడని బిడ్డను బడికి పంపారు. లెక్కల్లో ఆ పిల్ల నన్ను మించింది. నోటిలెక్క అడిగితే నేను వేళ్ళు మడవకముందే జవాబు చెప్పేది, కాని తెలుగులో చెప్పేది. "ఇరువై నాలుగు" అన్నందుకు రెండు దెబ్బలు తిన్నది నాకు బాగా గుర్తు. ఆ పేరు రాసుకున్నప్పుడు నాకు కడుపులో చల్లగా ఉండిందని కూడా గుర్తు.

ఆ ఏడు వానలు లేవు. సర్కారు బళ్ళలో పిల్లలకు సజ్జగటక పోస్తారని బస్తీలో అందరి నోటా ఒకటే మాట. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒకామె వచ్చింది. టీచర్లను తయారుచేసే కాలేజీలో ఉంటుందట. పిల్లలకు చదువు మీద ఇష్టం ఎట్లా పుడుతుంది, ఎట్లా పోతుంది అని ఊరూరా తిరిగి రాసుకుంటోందట. ఆమెకు ఉర్దూ తప్ప రాదు. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి అడుగుతోంది. వెనకాల ఉస్తానీ చేతులు కట్టుకుని నిలబడింది.

నా పక్క పిల్ల వంతు వచ్చింది. "సజా దేతే తో కైసా లగ్తా?" అని అడిగింది పట్నమామె. శిక్ష వేస్తే ఎట్లా ఉంటుంది అని. మా బడిలో దెబ్బను ఛడీ అనేవారు. సజా అనేది అదాలత్ మాట, మా ఇంట్లో తెలిసిన మాట. ఆ పిల్లకు మాత్రం సజ్జలు ఇస్తే ఎట్లా ఉంటుంది అన్నట్టు వినపడింది. మొహం విప్పారింది.

"అచ్ఛా లగ్తా జీ! రోజ్ దేతే తో రోజ్ ఆతీ!"

బాగుంటుంది, రోజూ ఇస్తే రోజూ వస్తానంది. పట్నమామె ఆశ్చర్యపోయి, నిజమేనా అని మళ్ళీ అడిగింది. నిజమేనంది. ఆమె రాసుకుంది. నాకు అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి ఓణీ కొంగు నోట్లో కుక్కుకున్నానే గాని ఒక్క మాట చెప్పలేదు.

ఆమె అటు వెళ్ళగానే ఉస్తానీ, "సజా అంటే నీకు అంత ఇష్టమా?" అని ఆ పిల్లకు నాలుగు దెబ్బలు వేసింది. ఎందుకో తెలియక ఆ పిల్ల నావైపే చూసింది. మర్నాడు బడికి రాలేదు.

ఆ పూట నాకు కాలు నిలవలేదు. ఎక్కం మొదలుపెడితే మధ్యలో ఆగిపోతోంది. పక్కన చాప ఖాళీగా ఉంది. మధ్యాహ్నం ఇంటికి పోయి కంచం ముందు కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. "ఏందే, ముళ్ళ మీద కూసున్నట్టు జేస్తున్నవ్?" అని మా అవ్వ గసిరింది. కంచం వదిలేసి, పట్నమామె దిగిన ముసాఫిర్‌ఖానాకు ఉరికాను. ఆమె సామాను సర్దుకుంటోంది. ఉన్నదంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. కాగితం తీసి ఆ జవాబు కొట్టేసింది. "మోటారు వచ్చేలోపు ఆ పిల్ల అసలు జవాబు తీసుకురా" అంది.

ఆ పిల్ల గుట్ట కింద ఎవరివో మేకలు కాస్తోంది. రొప్పుతూనే చెప్పాను.

"ఆమె అడిగింది సజ్జల ముచ్చట కాదే. సజా అంటే దెబ్బలు."

"గా సంగతి నీకు గప్పుడే ఎర్కనా?"

"ఎర్కే."

"మరెందుకు జెప్పలే?"

నేను మాట మార్చాను. దెబ్బలు పడితే ఎట్లుంటదో చెప్పు, రాసుకుంటదట, అన్నాను.

"దెబ్బలదేముంది? జరసేపు మండుతయి, పోతయి. నువ్వు లేసి నా పేరు సదువుతవు సూడు, గప్పుడు నాకు వచ్చిన లెక్కలు గూడ మర్సిపోతయి. పక్కన కూసునేదానివే గద నువ్వు." మేకను అదిలించి ఇటు తిరిగింది. "ఇగ నేను రాను. నాయిన మేకల కాడికి పెట్టిండు. నువ్వు పో, మోటరు పోతది."

దారంతా ఉరికాను. ఆ మాటలు ఎట్లా మార్చి చెప్పాలా అని దారంతా వెతికాను కూడా. మోటారు బయలుదేరబోతోంది. పట్నమామె కిటికీలోంచి తల బయట పెట్టింది. మార్చకుండానే చెప్పాను. ఆమె ఒళ్ళో కాగితం పెట్టుకుని రాసి, "మానిటర్ కౌన్?" అని అడిగింది.

"మైఁ" అన్నాను. నేనే అని.

ఆమె నన్ను చూసింది. మోటారు కదిలింది.

మర్నాడు పొద్దున ఉస్తానీ పేర్లు అడిగితే ఎవరూ లేరన్నాను. అబద్ధమని నన్నే చేయి చాపమంది. ఆ పిల్ల చెప్పింది నిజమే, జరసేపు మండి పోయింది. నా పక్క జాగా మాత్రం ఆ ఏడాదంతా ఖాళీగానే ఉంది.